పచ్చ ఈగ చేయించిన గుండు

డెబ్బైల్లో నాన్నగారి సర్కారు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి నార్సింగిలో అద్దెకున్నాం. నేను చిన్నపిల్లని. పేలు పడి, గోకి గోకి తలంతా పుండు చేసుకున్నాను. ఒకరోజు బడిలో రాసుకుంటుంటే నా తలలోంచి పలక మీద తెల్లటి పురుగు రాలింది. పక్కనున్న పిల్లలు కేకలేసి దూరం జరిగారు.

మర్నాడు దవాఖానలో డాక్టరు నాకు గుండు గీయించి, పట్టకారుతో పురుగులన్నీ తీశాడు.

"ఇది పచ్చ ఈగ పని. మందల ఎంబడి ఊరూరు తిరుగుతది. పసుల పుండ్ల మీద గుడ్లు పెడ్తది, మనిషి పుండు దొరికినా ఇడవది. పరేషాన్ గాకమ్మా," అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. ఇల్లు చేరేసరికి పక్కింటావిడ తన గడపలో నిలబడి ఉంది. నా తలకు పూసిన పసుపుపచ్చ మందును చూసి గంధమనుకుంది.

"ఏంది, బిడ్డకు మొక్కు తీర్చిన్రా?"

"అవునండి, గుట్ట మీది గుడికెళ్లొచ్చాం," అంది అమ్మ.

"మరి మాకు ప్రసాదమేది?"

అమ్మ గతుక్కుమంది. సాయంత్రం పంపిస్తానని చెప్పి, గబగబా రవ్వలడ్డూలు చుట్టి నా చేతికిచ్చి పక్కింటికి పంపింది.

ఆవిడ చెప్పులు విడిచి, లడ్డూను కళ్లకద్దుకుంది. సగం తాను తిని, మిగతా సగం జ్వరంతో పడుకున్న అత్తగారి నోట్లో పెట్టింది.

"ఇగ తగ్గుతది తియ్యి అత్తా," అంది.

నాకు ఏడుపొచ్చింది. అది ప్రసాదం కాదని చెబితే పురుగుల సంగతీ చెప్పాలి. ఆవిడ ప్రేమగా నా తల నిమరబోతే వెనక్కి జరిగి, ఇంటికి పారిపోయాను.