నిలబడి చెప్పిన సాక్ష్యం

నేను ఈ దేశమొచ్చి యూనివర్సిటీలో చదివే రోజుల్లో పెండిల్ హిల్ అనే పేటలో ఒక తెలుగువాళ్ళింట్లో గది తీసుకున్నాను. ఆ ఇంటి ఆంటీ కూర్చోగా నేను చూసింది తక్కువ. ఇంట్లో ప్రార్థన కూటమైతే అందరికీ కుర్చీలు వేసి, తను గోడకు ఆనుకుని నిలబడేవారు. భోజనాలప్పుడు వడ్డిస్తూనే ఉండేవారు. "ఆంటీది ఎంత భక్తో!" అని మెచ్చుకుంటూ మేము మళ్ళీ బిర్యానీ పెట్టించుకునేవాళ్ళం. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

వాళ్ళమ్మాయిది నా ఈడే. ఏటా ఆ పిల్ల పుట్టినరోజుకి కూటం పెట్టి, ఆంటీ సాక్ష్యం చెప్పేవారు. "కాన్పు కష్టమైనా ప్రభువు తల్లినీ బిడ్డనీ కాపాడాడు. డాక్టర్ల చేతుల్ని దీవించాడు." ఆ సాక్ష్యం మాకందరికీ నోటికొచ్చు. ఆమెన్ అనగానే కేకు కోసేవాళ్ళం.

ఆ తర్వాత జరిగింది మాత్రం అందులో ఉండేది కాదు. ఒకరోజు ఆంటీ తన ఆసుపత్రి కాగితాలు నా చేతిలో పెట్టాకే నాకు తెలిసింది. కాన్పులో లోపల చిరిగి, కూర్చోలేక, మూత్రం ఆగక అవస్థ పడుతుంటే, కొన్ని నెలలకు ఇక్కడి డాక్టర్లు ప్లాస్టిక్ వల ఒకటి లోపల పెట్టి కుట్టారట. ఆ వల కండలోకి కోసుకుపోయింది. కూర్చుంటే ప్రాణం పోయేదట. అలా దెబ్బతిన్న ఆడవాళ్ళకు ప్రభుత్వం పరిహారం ఇస్తానంది. ఎవరి సంగతి వాళ్ళు ఆఫీసరుకి చెప్పుకోవాలి.

ఇంటర్‌ప్రెటర్‌ని ప్రభుత్వమే ఇస్తుంది, కానీ ఆంటీ వద్దన్నారు. "తెలుగు ఇంటర్‌ప్రెటరంటే ఏదో ఒక చర్చిలో మనకి తెలిసినావిడే అవుద్దమ్మా. నువ్వు చెప్పిపెట్టు."

"మీ అమ్మాయి ఉందిగా ఆంటీ?"

"దానికి తెలీకూడదు. తనవల్లే నాకిలా అయిందనుకుంటది. ఇన్నేళ్ళూ దాచుకొచ్చా."

అమ్మాయి యూనికెళ్ళిన ఒక రోజు ఆఫీసరుతో వీడియో కాల్ పెట్టుకున్నాం. లాప్‌టాప్ ముందున్న ఒక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఆంటీ పక్కన నిలబడ్డారు. ఆఫీసరమ్మ చెప్పండి అనగానే చేతులు కట్టుకుని మొదలెట్టారు. "కాన్పు కష్టమైనా ప్రభువు తల్లినీ బిడ్డనీ కాపాడాడు..."

సాక్ష్యం మొత్తం! నేను ఇంగ్లీషులో చెప్పాను. అయితే మీకు జరిగిన వైద్యంతో తృప్తేనన్నమాట, అంది ఆఫీసరమ్మ మర్యాదగా.

నాకు ఒళ్ళు మండింది. "ఆంటీ, ఇది కూటం కాదు. నొప్పి సంగతి చెప్పండి."

"ఆ మాటలు నోటితో ఎప్పుడూ అన్లేదమ్మా," అన్నారు. చివరికి వంగి నా చెవిలో చెప్పారు. ప్యాడ్ల గురించి, వాసన గురించి, అంకుల్ వేరే గదిలో పడుకోవడం గురించి. మా అమ్మ కూడా నాతో అలాంటి మాటలు ఎత్తలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చిత్రంగా, వాటినే ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. నాది కాని భాషలో సిగ్గు అంతగా అంటుకోలేదు.

అన్నిటికన్నా మీకు బాధగా ఉన్నది ఏమిటి, అని ఆఫీసరమ్మ అడిగింది. ఈసారి ఆంటీ నా చెవి కోసం చూడలేదు. గొంతెత్తి అన్నారు.

"మా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదమ్మా. ఒక్కనాడు కూడా. పాలు కూడా పడుకునే ఇచ్చా."

నేను నోరు తెరిచేలోపు ఆ మాట ఇంగ్లీషులో వెనకనుంచి వినబడింది. భుజాన బ్యాగుతో అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. క్లాసు లేక తొందరగా వచ్చేసినట్టుంది. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు. ఆంటీ చున్నీతో మొహం కప్పేసుకున్నారు.

ఆ పిల్ల తెలుగు వింటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "ఎవ్రీ బర్త్‌డే, మమ్? వి థ్యాంక్డ్ దోజ్ డాక్టర్స్ ఎవ్రీ బర్త్‌డే?" అంది.

ఆ మాట ఎవరికీ తర్జుమా చెయ్యక్కర్లేదు. తల్లీకూతుళ్ళు చెరోచోట నిలబడి ఏడుస్తున్నారు. ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీలో నేనింకా కూర్చునే ఉన్నాను.