గవ్వలన్నీ బోర్లా పడితే ఎంత?

రేపు పొద్దున ఎంఈఓ సారు మా బడికి వస్తున్నారు. లెక్కల్లో వెనకబడ్డ మూడో తరగతి పిల్లలకు సాయంత్రాలు నేను అష్టాచెమ్మా ఆడిస్తూ కూడికలు నేర్పుతున్నానని ఎవరో ఆయన చెవిన వేశారు. "నేనే గవ్వలు వేసి అడుగుతా" అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

అందుకే ఈ రోజు బడి అయ్యాక ఒక రిహార్సల్ పెట్టాను. నాలుగు గవ్వలు విసిరితే నాలుగూ బోర్లా పడ్డాయి. సున్నా వస్తుందో రాదో చూద్దామని, "వెల్లకిల పడ్డయి ఎన్నో పలక మీద రాయండి" అన్నాను. పన్నెండు మందిలో పదకొండు మంది ఎనిమిది అని రాశారు.

"ఎనిమిదేందే శ్రావణీ? జర మంచిగ చూడు" అన్నాను.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరి వచ్చే అమ్మమ్మతో రోజూ ఇంట్లో కూడా ఆడే పిల్ల అది. నా వైపు జాలిగా చూసింది.

"అన్ని బోర్లబడితే అష్ట, ఎనిమిది గడులు నడవాలె అని మీరే చెప్పిండ్రు గద టీచర్! సున్న అంటే మా అమ్మమ్మ ఊకుంటదా?"

నిజమే, నేనే చెప్పాను. సున్నా వేసింది ఒక్క మానస. జ్వరం వచ్చి రెండు వారాలుగా ఆటకు రాని పిల్ల, ఇవాళే వచ్చింది.

రేపు సారు విసిరినప్పుడు ఒక్క గవ్వన్నా వెల్లకిలా పడాలని మొక్కుకుంటున్నాను. ఇంతకంటే మంచి ఉపాయం ఉంటే ఇప్పుడే చెప్పండి. మానసను ముందు వరసలో కూర్చోబెట్టమని మాత్రం అనకండి. అది నాకూ తట్టింది.