రెండు గుక్కల అంబలి

నేను ఆడిన బేరాల్లోకెల్లా గొప్పది ఒక రోగితో ఆడాను. గెలిచాను కూడా. నాకు కావలసిన మాట ఆమె నోటితోనే చెప్పించి, ఆ గెలుపు మీదే డాక్టరేట్ తెచ్చుకున్నాను. ఆమె చనిపోయింది. ఈ రెండు సంగతులూ కలిపి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఏళ్ల తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీతో ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

చిత్తూరు బజారులో మాది బట్టల కొట్టు. గిరాకీ ఎంతకు దిగుతాడో మా నాయన ముఖం చూసి చెప్పేవాడు. ఆ విద్య నాకూ అబ్బింది. నర్సింగ్ చదివి, తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టర్ పక్కన పనికి కుదిరాను. డ్యూటీ చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో నర్సింగ్ డాక్టరేట్‌లో చేరాను. గ్రంథాలు తిరగేసే పరిశోధన కాదది. రోజూ చేసే పనిలో ఒక లోపం పట్టుకుని, సరిచేసి చూపించాలి.

నేను పట్టుకున్న లోపం ఒక మాట. కడుపు ఖాళీగా లేకుండా మత్తిస్తే లోపలిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ముందు "ఏమన్నా తిన్నావా?" అని అడుగుతాం. మా వైపు జనం లేదంటారు. అబద్ధం కాదు. అన్నమో సంగటో అయితేనే తినడం. అంబలి అయితే తాగడం కింద లెక్క. రాగి పిండి కాచిన ఆ అంబలి కూడా కడుపులో గంటల తరబడి ఉండిపోతుందని వాళ్లకు ఎవరు చెప్పారు? చివరి నిమిషంలో అది బయటపడి ఆపరేషన్లు వాయిదా పడేవి. ముందురోజే "తాగొద్దు" అని చెప్పాలి, పొద్దున "ఏం తాగినావు?" అని కూడా అడగాలి. ఇదే నా ప్రాజెక్టు. వాయిదాలు తగ్గాయి. ఎంత తగ్గితే నా చదువుకు అంత బలం. నా కన్ను ఆ వాయిదాల లెక్క మీదే పడింది.

మునెమ్మ ఐరాల దగ్గరి పల్లె నుంచి వచ్చింది, పిత్తాశయంలో రాళ్లతో. తోడు మొగుడూ, కూతురు భాగ్య. ముందురోజు వార్డుకెళ్లి తాగొద్దని చెప్పాల్సింది నేనే. క్లాసు ఉందని వెళ్లలేదు. పొద్దున థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉండగా అడిగాను.

"ఏమన్నా తిన్నావా అక్కా?"

"లేదు పాపా. రాత్రినుంచి మెతుకు ముట్టలా."

"తాగింది?"

"బిడ్డ ఇంత అంబలి ఇచ్చింది పొద్దున. కడుపులో మంటగా ఉండాదంటే."

"ఎంత?"

"గ్లాసుడు."

"నిండుగానా?"

"నిండుగా అంటే... రోంత తక్కువే."

"సగమా?"

ఆమె నా ముఖం చూసింది. "సగమే అనుకో."

"పల్చగానేనా?"

"నీళ్ల మాదిరే ఉండింది."

"అయితే రెండు గుక్కలు తాగింటావు."

మునెమ్మ నవ్వింది. "నువ్వేంది పాపా, వంకాయలు బేరమాడినట్టు ఆడతా ఉండావు. సరే, రెండే. ఈ పొద్దు యెనక్కి మాత్రం పంపొద్దు. మళ్లా తీసుకురమ్మని ఆయన్ని ఎవురు బతిమలాడేది?"

లోపలికి వెళ్లి డాక్టర్‌తో, "ఏమీ తినలేదు సార్," అన్నాను. అక్షరాలా నిజం. ఆ నిజాన్ని ఎంత జాగ్రత్తగా కత్తిరించానో నాకు తెలుసు. తెలిసే అన్నానా? అవును. ఏమీ కాదులే అనుకున్నానా? అదీ అవును. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో ఇప్పటికీ అర్థం కాదు.

మత్తు ఎక్కగానే అంబలి పైకి వచ్చింది. అందినంతా గొట్టంతో లాగేశాం. ఊపిరితిత్తుల్లోకి పోయింది మాత్రం పోయింది. మునెమ్మ కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉండి చనిపోయింది.

ఆమె తాగిన సంగతి దాచిందని డాక్టర్ బయటికొచ్చి చెప్పాడు. దాచిందని ఆయనకు చెప్పింది నేనే. మొగుడు కూతురి వైపు తిరిగాడు.

"ఏం పోసినావే అమ్మకు?"

"అంబలే నాయనా. అడిగిందని పోసినా."

"నీ చేత్తో పోసి చంపుకున్నావు."

పక్కనే నిలబడ్డాను. మాస్కు తీయలేదు. తర్వాత నా ప్రాజెక్టులో మునెమ్మను, నిజం దాచిన రోగికి ఉదాహరణగా చూపించాను. ఆ భాగం చాలా బాగుందన్నారు పరీక్షకులు. పేరు ముందు డాక్టర్ అని వచ్చింది.

పోయిన నెల భాగ్య తన కూతుర్ని తీసుకొచ్చింది, టాన్సిల్స్ ఆపరేషన్‌కు. పాప పెదాలు పగిలి ఉన్నాయి. నాలుక ఎండిపోయింది.

"నిన్నటినుంచి సుక్క నీళ్లు పోయలేదక్కా," అంది భాగ్య. "ఏడ్సినా పోయలా. మాయమ్మ మాదిరి కాకూడదని."

ఆపరేషన్‌కు ఇంకా చాలా సమయం ఉంది, వట్టి నీళ్లయితే పట్టొచ్చని గ్లాసు అందించాను. తీసుకోలేదు.

"నా చెయ్యి వద్దక్కా. ఇంట్లో మా నాయన కూడా నా చేతి నీళ్లు తాగడు. నువ్వే పట్టు."

పట్టాను. పాప గటగటా తాగింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను. "మెల్లగా తాగు" అన్నాను, పాపతో.

భాగ్యకు ఇంకా చెప్పలేదు. ఇది రాస్తే ఆమెకు చెప్పినట్టు కాదని తెలుసు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. అది కూడా నా లాభమే, ఆమెది కాదు. సరే, ఈ తప్పులో ఎవరి వంతు ఎంతో తేలుస్తాను. మునెమ్మ వంతు ఏమీ లేదు, అడిగినదానికి నిజం చెప్పింది. భాగ్య వంతు ఏమీ లేదు, తాగకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డాక్టర్ నా మాట నమ్మాడు. మిగిలిందంతా నాది.