సద్దిలో ఉప్పు

ఆళ్లగడ్డలో మరియమ్మ భర్తకు పెద్దపేగు గడ్డలోంచి ముక్క తీశారు. క్యాన్సరో కాదో చూడమని ఆ ముక్కను సీసాలో వేసి, నంద్యాలలోని మా ల్యాబుకు ఆమె చేతికే ఇచ్చి పంపారు. మా దగ్గరికి ముక్కలన్నీ ఇట్లా ఇంటివాళ్లతోనే బస్సెక్కి వస్తాయి.

ఈ రోజు ఆ సీసా మూత తీస్తే ముక్క చెడిపోకుండా పోసే ఫార్మలిన్ వాసన రాలేదు.

"ఇందులో మందునీళ్లు ఏమైనాయమ్మా?"

"బస్సులో అందరూ కంపని గొణుగుతాంటే పారబోసినా సార్. ఉత్త నీళ్లు పోస్తే చెడిపోతాదని సద్దిలోకి తెచ్చుకున్న ఉప్పు ఇంత ఏసినా. ముక్క పనికొస్తాది గదా?"

ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేశాను. నీళ్లు మార్చి గంట కూడా కాలేదు కాబట్టి పనికొస్తుందనే నా నమ్మకం.

క్యాన్సర్ వచ్చిన పేగు గోడలోంచి ఉప్పు ఎట్లా కదులుతుందన్నదే ఇన్నేళ్లుగా నా పరిశోధన. సీసా మోసుకొచ్చే మనిషికి ఆ నీళ్లు ఎందుకో చెప్పాలని మాత్రం నాకు ఒక్కరోజూ తోచలేదు.

ఇకపై ప్రతి సీసాకూ అంటిద్దామని "ఈ నీళ్లు పారబోయకండి" అని కాగితం మీద రాసి, ముందు మరియమ్మకే చూపించాను.

"నాకు సదువు రాదు సార్" అంది.

ఇప్పుడు ఏం అంటించాలో మీరే చెప్పండి.