అలిగిన అమ్మవారి గుడికి జంటగా

వైండింగ్ బాబాయికీ, ఆయనతో ఉంటున్న పిన్నికీ పెళ్ళి కాలేదన్న మాట పచ్చి అబద్ధం. ముందు ఇది తేల్చేస్తే, ఆ మాట ఎలా పుట్టిందో తీరిగ్గా చెప్పుకోవచ్చు.

దానికి మూలం వీధి చివరి శివాలయం. ఆ గుళ్ళో అయ్యకు ఎదురుగా, నంది వెనక, అమ్మవారు ఉంటుంది. ఉంటుంది గాని, అవతలి గోడవైపు తిరిగి ఉంటుంది. అయ్యకు కనిపించేది ఆవిడ జడే. ఒకనాడు ఇద్దరూ పాచికలాడారట. అయ్య నెలవంకతో సహా అన్నీ ఓడిపోయాడు. ఓడిపోయి, "నేనెక్కడ ఓడాను?" అన్నాడు. అమ్మవారు చివాలున లేచి అటు తిరిగి కూర్చుంది. ఇప్పటికీ ఇటు తిరగలేదు. అందుకే మొగుడూ పెళ్ళాలు కలిసి ఆ గడప దాటితే ఆ అలక వాళ్ళకూ అంటుకుంటుందని నమ్మకం. నిన్న పెళ్ళయినవాళ్ళ దగ్గర్నుంచి పళ్ళూడినవాళ్ళ దాకా ఎవరూ ఆ సాహసం చేయరు. ఆవిడ లోపలికి వెళితే ఆయన బయట చెప్పులకు కాపలా. ఆవిడ వచ్చాక ఆయన వంతు. చెప్పుల దగ్గరి అరుగు మీద మగవాళ్ళ నవ్వులు వింటే, దర్శనం కంటే ఈ కాపలాయే వాళ్ళకు హాయిగా ఉందనిపిస్తుంది.

అలాంటి గుళ్ళోకి బాబాయీ పిన్నీ ప్రతి సోమవారం జంటగా వెళతారు. అదీ భుజం భుజం రాసుకుంటూ.

ఈ సంగతి మేడ అత్తయ్య చెవిన వేసింది కుట్టుమిషను వదిన. బాబాయి ఉంటున్న ఇల్లు అత్తయ్యదే. మేడమీద ఆవిడ సంసారం, కింద వీధిగదిలో బాబాయి దుకాణం, వెనక గదిలో వాళ్ళ కాపురం.

"నిజంగా మొగుడూ పెళ్ళాలైతే అలా వెళ్ళడానికి గుండె చాలుతుందా అత్తయ్యా? కాదు కనకే వాళ్ళకు భయం లేదు" అంది వదిన, పంటితో దారం తెంపుతూ.

ఆ మాట అత్తయ్య కొడుకు దాకా పాకింది. "వీధంతా మననే అంటోందమ్మా. గది ఖాళీ చెయ్యమని చెప్పేస్తాను" అన్నాడు.

అత్తయ్యకు ఆ మాట నచ్చలేదు. ఒక సంచీ, ఒక రాగితీగ చుట్టతో ఆ గదిలోకి వచ్చినవాడు బాబాయి. ఇప్పుడు పైకప్పు నిండా రెక్కలు విప్పిన ఫ్యాన్లు, గోడవారన మూతల్లేని మిక్సీలు, గుమ్మం దాకా వార్నిష్ వాసన. వీధిలో ఏ ఇంట్లో గాలి ఆడినా అందులో ఆయన చెయ్యి ఉంటుంది. ఆయన మోటారుకు తీగ చుడుతుంటే, పిన్ని పక్కన పీటమీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ చుట్లు లెక్కపెడుతుంది. ఆయన చెయ్యి మంచిదే, నోరే ఊరుకోదు. దారిన పోయే ప్రతివాణ్ణీ పలకరించాలి. ఈ గది పోతే, ఈ పలకరింపుల మీద కట్టుకున్న బేరాలన్నీ పోయినట్టే.

"తొందరపడకు. నేను కనుక్కుంటాను. ఈ వీధిలో నాకు తెలియకుండా పిల్లి కూడా ఈనదు" అంది అత్తయ్య.

కానీ మీకు పెళ్ళయిందా అని ఏ మొహం పెట్టుకుని అడగడం? మర్నాడు, శుభ్రంగా తిరుగుతున్న బల్ల ఫ్యానును చంకన పెట్టుకుని కిందికి దిగింది.

"ఏమైందత్తయ్యా దీనికి?"

"ఏమోనయ్యా, మనసు పెట్టి తిరగడం లేదు."

బాబాయి స్విచ్చి వేశాడు. పిన్ని చేటలోని వెల్లుల్లి పొట్టంతా లేచి అత్తయ్య నెత్తిన పడింది.

"ఇంతకంటే మనసు పెడితే ఎగిరిపోతుందత్తయ్యా!"

"అయినా ఒకసారి విప్పి చూడు. నాకేం తొందర లేదు" అని అత్తయ్య ఇంకో పీట లాక్కుని కూర్చుంది.

"చేతిలోది ముగించి చూస్తా" అని బాబాయి మళ్ళీ తీగ అందుకున్నాడు. అత్తయ్యతో నాలుగు మాటలు, దారిన పోతున్న పాలాయనతో ఇంకో రెండు నడిచాయో లేదో, పిన్ని తలెత్తింది.

"ఒక చుట్టు తక్కువ."

"సరిగ్గానే ఉంది."

"పాలాయన్ని పలకరించావు చూడు, అక్కడ పోయింది."

"నోరు పలకరిస్తే చెయ్యి ఆగుతుందా?"

"నీ చెయ్యి సంగతి నాకు చెప్పకయ్యా! పెళ్ళిచూపులనాడు మా ఇంట్లో ఆగిపోయిన ఫ్యాను తిప్పావని మా నాన్న మురిసిపోయి పిల్లనిచ్చాడు. పెళ్ళినాడు మెళ్ళో దండ పడిందో లేదో అది కాస్తా ఆగిపోయింది."

"కరెంటు పోయి ఆగింది!"

"పక్కగదిలోది తిరుగుతూనే ఉందిగా! చూడండత్తయ్యా, మీరే చెప్పండి" అంటూ పిన్ని వార్నిష్ డబ్బాల వెనకనుంచి ఫోటో ఒకటి లాగి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది.

పెళ్ళికూతురి బొట్టు చెమటకు ముక్కుదాకా కారింది. పెళ్ళికొడుకు కెమెరా వైపు చూడ్డం లేదు. దండ మెళ్ళో వేసుకుని, నోరు తెరిచి, పైకప్పు కేసి చూస్తున్నాడు.

అత్తయ్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఫ్యాను సంగతి మరిచిపోయి మేడెక్కింది.

"ఒరేయ్, పెళ్ళి ఫోటో చూశాను. అది లేకపోయినా ఫరవాలేదు. ఒక్క తీగచుట్టు కోసం అంత పోట్లాట మొగుడూ పెళ్ళాలకు గాక ఇంకెవరికి చాతనవుతుందిరా?"

కొడుకు తల గోక్కున్నాడు. "బాగానే ఉంది. మరి గుళ్ళోకి జంటగా ఎందుకెళ్తున్నట్టు? అది తేలందే వీధి నోరు మూతపడదమ్మా. సోమవారం దాకా చూస్తాను."

నిజానికి ఆ ప్రశ్న అత్తయ్య కడుపులోనే ముందు పుట్టింది.

సోమవారం మామయ్యను చెప్పుల దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ వాళ్ళ వెనకే లోపలికి వెళ్ళింది. ఇద్దరూ అయ్య ఎదుట నిలబడ్డారు. బాబాయి కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు. పిన్ని మొహం జేవురించింది. పళ్ళు బిగబట్టి, మోచేత్తో ఆయన డొక్కలో ఒక్క పోటు పొడిచింది. అంతలోనే ఫక్కున నవ్వొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని అమ్మవారివైపు వెళ్ళిపోయింది.

అత్తయ్య నంది పక్కన ఆయన్ని ఆపేసింది.

"ఇక డొంకతిరుగుడు నావల్ల కాదు అబ్బాయ్. మీరిద్దరూ కలిసి ఎందుకొస్తారు?"

బాబాయి డొక్క తడుముకుంటూ, పిన్ని వింటుందేమోనని అటు చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ చుట్టు తక్కువేనత్తయ్యా. ఆ పెళ్ళి ఫ్యానూ నావల్లే ఆగింది. ఇంట్లో ఒప్పుకుంటే మా ఆవిడ వారమంతా దులిపేస్తుంది. ఒప్పుకోకుండా ఊరుకుందామా అంటే, ఈ స్వామిని చూస్తున్నాం కదా, ఇన్నాళ్ళూ జడ చూస్తూ కూర్చున్నాడు. అందుకని వారం తప్పులన్నీ మూటగట్టుకొచ్చి ఇక్కడ ఆవిడ చెవిన పడేలా ఒప్పుకుంటాను. గుడి కదా, గట్టిగా తిట్టడానికుండదు."