నైట్ల తెలుగు, అడవి దొంగల తెలుగు

రెండేళ్ళ కిందట, జనవరి నెల చివర్లో, అరకు దాటాక రోడ్డు పక్కనున్న ఒక కాఫీ గోదాములో పదకొండు రోజులపాటు డబ్బింగ్ చెప్పించాను. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పెద్ద పెద్ద స్టూడియోల్లో పేరున్న గొంతులతో పనిచేశాను. అయినా నా వృత్తి గురించి ఎవరైనా అడిగితే ముందుగా నోటికొచ్చేది ఆ గోదాము సంగతే.

నేను డబ్బింగ్ రైటర్‌ని. వేరే భాషలో తీసిన బొమ్మకు తెలుగు మాటలు రాస్తాను, దగ్గరుండి వాటిని చెప్పిస్తాను. అనువాదం ఇందులో సగం పనే. తెర మీది మనిషి పెదాలు మూసినప్పుడు మన మాటలో ప, బ, మ లాంటి అక్షరం పడాలి, నోరు తెరిచినప్పుడు అచ్చు పడాలి. దీన్ని లిప్ సింక్ అంటారు. అర్థం కుదిరితే పెదవి కుదరదు, పెదవి కుదిరితే అర్థం జారిపోతుంది. రెండూ కుదిరిన రోజున ఆకలి కూడా తెలియదు.

అప్పుడు నా చేతికొచ్చింది ఎనిమిది ఎపిసోడ్ల సరదా సాహస సిరీస్. మధ్యయుగాల నాటి ఐరోపా కథ. ఒక పక్క నైట్లు, అంటే ఇనుప కవచాలు తొడుక్కుని గుర్రాలెక్కే రాజుగారి వీరులు. ఇంకో పక్క అడవిలో దాక్కుని ఆ వీరులను ముప్పుతిప్పలు పెట్టే దొంగల ముఠా. నైట్ల నాయకుడికి ఒక చిక్కుంది. గంభీరంగా మాట మొదలుపెట్టగానే శిరస్త్రాణం ముందు తలుపు టప్పున మూసుకుపోతుంది. డబ్బింగ్ వాళ్ళకు ఇలాంటి పాత్ర వరం, నోరు కనబడదు కనుక ఏం రాసినా సరిపోతుంది. దొంగల ముఠాకు నాయకురాలు యాభై ఏళ్ళ మనిషి. ఆవిడ ముఖం మాత్రం ప్రతి షాట్‌లోనూ తెర నిండా కనిపిస్తుంది.

పని అప్పగించిన హైదరాబాదు కంపెనీ తరఫున రఘు అనే ఆయన ఫోన్ చేశాడు.

"నైట్లకి శుద్ధమైన తెలుగు పెట్టండి మేడమ్. అడవి దొంగలకి ఏజెన్సీ యాస. మీది ఆ వైపే కదా! నోరు తెరవగానే జనం నవ్వాలి. కొంచెం లౌడ్‌గా ఉండాలి."

సరేనన్నాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నాది సాలూరు. హైదరాబాదు వచ్చిన కొత్తలో స్టూడియోలో "ఏటండీ?" అని ఒకసారి అంటే గది గదంతా నవ్వింది. ఆ ఏడాది తిరక్కముందే నా మాటలోంచి సాలూరును తుడిచేశాను. కాబట్టి రఘుకు ఏ నవ్వు కావాలో నాకు బాగా తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను.

ముందు హైదరాబాదులో మిమిక్రీ ఆర్టిస్టుల చేత ఒక సీను చెప్పించాను. అది ఏ ఊరి మాటా కాలేదు. ఆ గొంతులున్న చోటికే వెళ్దామని లాప్‌టాప్, రెండు మైకులు పట్టుకుని, సౌండ్ ఇంజనీరు శ్రీనును వెంటబెట్టుకుని అరకు వెళ్ళాను. నాతో స్కూల్లో చదువుకున్న స్నేహితురాలి గోదాము అక్కడ ఉంది. కాఫీ బస్తాలు మూడు వైపులా కప్పు దాకా పేర్చి ఉన్నాయి. శ్రీను మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి, "మేడమ్, ప్రతిధ్వని అసలు లేదు! ఇంతకన్నా స్టూడియో ఏం కావాలి?" అన్నాడు. ఘాట్ రోడ్డు మీద జీపు హారన్ కొట్టినప్పుడు మాత్రం ఆగాలి, అంతే.

పక్క గదిలో పదిహేను మంది ఆడవాళ్ళు గింజలు ఏరుతుంటారు. మొదటి రోజు మైకు బిగిస్తుండగా అక్కణ్ణించి ఒక గొంతు వినిపించింది.

"ఓలమ్మీ, నల్ల గింజలు సూడకండా కలిపేత్తన్నావు! కళ్ళు ఇంటికాడ ఒగ్గేసి వచ్చినావేటి?"

ఆవిడ అరవలేదు. మామూలుగానే అంది. కానీ ఆ మాట బస్తాల మధ్య నుంచి వచ్చి నా చెవి పక్కన నిలబడింది. శ్రీనూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆవిడ పేరు దాసమ్మ. అనంతగిరి వైపు ఒక కొండ ఊరు. చర్చిలో పాటలు పాడుతుంది, అందుకే ఊపిరి అంత పొడుగు. తెలుగు చదవడం కూడా బైబిలు మీదే నేర్చుకుందట. హెడ్‌ఫోన్ పెట్టి అసలు నటి గొంతు వినిపించాను. దీన్ని పైలట్ ట్రాక్ అంటాం. దాని ఊపు చెవిలో వింటూ, తెర చూస్తూ మన మాట చెప్పాలి. దొంగల నాయకురాలు ముఠాను పారిపొమ్మనే షాట్ అది. నేను "త్వరగా కదలండి" అని రాశాను. నటి పెదాలు మూసి మొదలుపెడుతోంది, నా మాట నోరు తెరిచి మొదలవుతోంది. మూడుసార్లూ కుదరలేదు. నాలుగోసారి దాసమ్మ కాగితం చూడకుండా, "బేగి పదండి!" అనేసింది.

బ దగ్గర పెదవి మూసుకుంది, ప దగ్గర మళ్ళీ మూసుకుంది. తెర మీది తెల్ల మనిషి అచ్చంగా ఆ మాటే అన్నట్టుంది. శ్రీను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

నాయకురాలి కుడిభుజంలాంటి దొంగకు భీమన్న దొరికాడు. అరకు, అనంతగిరి మధ్య షేరు జీపు నడుపుతాడు. పొద్దున్న రెండు ట్రిప్పులు వేసి మధ్యాహ్నం వచ్చేవాడు. మూడు రోజులు పని పరుగు పెట్టింది.

నాలుగో రోజు రెండో ఎపిసోడ్‌లోని ముఖ్యమైన సీను. అడవిలో పుల్లలు ఏరుకున్న ఒక ముసలాయన్ని రాజుగారి అధికారి కట్టేస్తాడు. నాయకురాలు వెళ్ళి ఆ అధికారితో మాట్లాడుతుంది. నేను ఆవిడకు వంకర మాటలు రాశాను. అధికారి ఒకటంటే ఆవిడ ఇంకోటి అర్థం చేసుకుంటుంది, చిన్న చిన్న మాటలు కూడా పలకలేక తడబడుతుంది. రఘు అడిగిన నవ్వు అన్నమాట.

దాసమ్మ పేజీ మొత్తం లోపల్లోపల చదివింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేటమ్మా, ఈవిడికి మాట రాదా?"

"వస్తుంది. నవ్వు కోసం అలా రాశాను."

"ఎవులు నవ్వడానికి?"

నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఆవిడే అంది:

"మా మరిదిని ఒకసారి ఇలగే పుల్లల కాడ ఫారెస్టోలు పట్టుకున్నారు. అడగడానికి నానే ఎల్లేను. ఆలకాడ ఒక్క మాట తప్పితే మనిసిని వదల్రమ్మా. అందుకని ఒక్కో మాటా దారంతా అనుకుంటా నడిసేను. మనిసిని ఇడిపించడానికి ఎల్లినది ఇలగ మాటాడదు."

"కథలో ఆవిడ దొంగ కదా దాసమ్మగారూ..."

"దొంగయితే దొంగే. దొంగలాగ సెప్తాను. తెలివి లేనిదాన్లాగ సెప్పను."

లేచి వెళ్ళి గింజల దగ్గర కూర్చుంది. కోపంగా వెళ్ళలేదు, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మధ్యాహ్నం భీమన్న వచ్చి సంగతి విని, "అయితే నానూ సెప్పనమ్మా. ఆవిడ లేకుండా నానొక్కణ్ణి ఏటి సేత్తాను?" అని జీపెక్కాడు. ఇంకా ఏడు రోజుల్లో ఎనిమిది ఎపిసోడ్లూ అప్పగించాలి. వీళ్ళు పోతే ఆ గొంతులు నాకు మళ్ళీ ఎక్కడా దొరకవు.

ఆ సాయంత్రం నేను చాలా కాలంగా మానేసిన ఒక పని చేశాను. మాటల ట్రాక్ పూర్తిగా ఆపేసి, ఆ సీనులో ముఖాలు మాత్రమే చూశాను. మాట వినబడకపోతే నటులు ఏం చేస్తున్నారో కనబడుతుంది. నాయకురాలి ముఖంలో తడబాటు ఎక్కడా లేదు. కళ్ళు అధికారి మీంచి తిప్పకుండా వకీలులా ఒక్కో ప్రశ్నా వేస్తోంది. తడబడుతున్నది అధికారి. చేతిలోని శాసనం చుట్ట జారిపోతోంది, అటూ ఇటూ చూస్తున్నాడు. రాసినవాళ్ళు నవ్వును ఆయన దగ్గర పెట్టారు. నేను దాన్ని ఎత్తుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టాను. అది యాస తప్పు కాదు, పనిలో నా తప్పు. నేను ఆ సీనును చదవనే లేదు.

కూర్చుని మొదటి నుంచీ తిరగరాశాను. నైట్లకూ అధికారులకూ బరువైన గ్రాంథికం ఇచ్చాను, వాళ్ళ నోట్లో వాళ్ళకే అడ్డంపడేంత. దొంగలకు ఆ కొండల మీద మనుషులు మాట్లాడే మాట, ఏమీ పెంచకుండా, వెక్కిరింత కలపకుండా. మర్నాడు పొద్దున్న దాసమ్మకు కాగితాలిచ్చాను. ఆవిడ గింజల జల్లెడ పక్కన పెట్టి చదివింది.

అధికారి అంటాడు: "ఈ అరణ్యమందలి కాష్ఠమంతయు ప్రభువులవారిది."

నాయకురాలు అడుగుతుంది: "కాష్ఠమంటే పుల్లేనా?"

"అవును... అనగా... తత్సమానమైనది."

"పుల్లని పుల్ల అనడానికి నోరు తిరగదేటి? ఆ పుల్ల మీ రాజు ఇరిసినాడా?"

దాసమ్మ పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంది. తర్వాత వేలితో చివరి మాట చూపించింది.

"ఇరిసినాడా అని అడగదమ్మా. ‘ఆ సెట్టు మీ రాజు నాటినాడేటి?’ అనడుగుతాది."

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నదాన్ని, ఆ వాక్యం నాకు తట్టలేదు. కొట్టేసి ఆవిడ చెప్పింది రాసుకున్నాను. మొదటి టేక్‌లోనే అయిపోయింది. భీమన్నకు కబురు పంపితే ట్రిప్పు నుంచి నేరుగా వచ్చేశాడు. శిరస్త్రాణం నైటు "ఓరీ తస్కరాధమా! మదీయ ఖడ్గమును గాంచుము!" అని కత్తి లాగబోతే అది ఒరలోంచి రాదు. భీమన్న జాలిగా, "ఇరుక్కుపోనాదేటి బాబూ? ఉండు, నాను లాగుతాను," అన్నాడు. శ్రీను నవ్వు ఆపుకోలేక రికార్డింగ్ ఆపేశాడు.

సీను రఘుకు పంపాను. గంటలో ఫోన్ వచ్చింది.

"మేడమ్, దొంగలు మామూలుగా మాట్లాడేస్తున్నారు. కామెడీ ఏది?"

"కామెడీ నైట్ల దగ్గరుంది. ఒరిజినల్‌లోనూ అక్కడే ఉంది. సౌండ్ తీసేసి ఒకసారి చూడండి."

"అదంతా జనం చూడరు మేడమ్. యాస వినబడితే నవ్వుతారు."

వాదించడం మానేశాను. హైదరాబాదులో మిమిక్రీ వాళ్ళతో చెప్పించింది కూడా ఇదే సీను. గింజలేరే ఆడవాళ్ళందరినీ పిలిచి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి రెండూ వేశాను. మిమిక్రీది వేసినప్పుడు మర్యాదగా చూశారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వో సిగ్గో తెలియలేదు. కొత్తది వేశాక, "నాటినాడేటి" దగ్గర పడ్డ నవ్వుకు శ్రీను మైకు మీటరు ఎర్రగీత దాటింది. మళ్ళీ వెయ్యమని మూడుసార్లు అడిగారు. ఆ నవ్వు కూడా రికార్డు చేసి పంపాను.

రఘు తేలిగ్గా లొంగే మనిషి కాదు. "వాళ్ళ మాట కాబట్టి వాళ్ళు నవ్వారు. మిగతా ఊళ్ళ సంగతేంటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

"మీ ఆఫీసులో భోజనాలప్పుడు వేసి చూడండి. నవ్వకపోతే నా పేరు తీసేసి వేరేవాళ్ళతో రాయించుకోండి. ఆవిడ నోట ఆ పాత మాటలు మాత్రం నేను చెప్పించను," అన్నాను. నాకు నా పని మీద ఎప్పుడూ నమ్మకం ఉంది, ఆ రోజు ఆ నమ్మకానికి కింద నేల కూడా దొరికింది.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. "ఎడిటింగ్ రూములో వాళ్ళు పొద్దున్నించీ ఒకళ్ళనొకళ్ళు ‘నాటినాడేటి’ అని పిలుచుకుంటున్నారు మేడమ్. రెండు ఎపిసోడ్లు ఇలా పోనిద్దాం. తర్వాత చూద్దాం."

ఆ తర్వాత మళ్ళీ ఆ మాటెత్తలేదు. పదకొండో రోజు సాయంత్రానికి ఎనిమిదీ పూర్తి చేశాం. సిరీస్ విడుదలయ్యాక కొన్ని మాటలు అర్థం కాలేదని రాసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు జవాబు రాయాలనిపించలేదు. గ్రాంథికం మాటలు నాకూ అన్నీ అర్థం కావు, అయినా నవ్వాను కదా.

ఆ పని నాకు నేర్పింది ఇది: యాస దానంతటది హాస్యం కాదు. ఎవరి నోట ఏ మాట పెడుతున్నామో, ఎవరిని చూసి నవ్వమంటున్నామో రాసేవాళ్ళు ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే అలవాటు మన తరఫున తేల్చేస్తుంది. ఇప్పుడు కొత్త బొమ్మ వస్తే ముందు మాట ఆపి ముఖాలు చూస్తాను. కలం ఆ తర్వాతే.

పోయినేడాది ఇంకో కంపెనీ ఒక కోటల కథ పంపింది. అందులో దాసి పాత్రకు "ఆ అరకు ఆవిడ" కావాలన్నారు. దాసికి కుదరదు, పెద్ద రాణికైతే అడుగుతాను అన్నాను. ముందు ఆవిడ గొంతుతో ఒక టెస్ట్ పంపమన్నారు. టెస్ట్ పంపాక ఒప్పుకున్నారు. దాసమ్మ రైలెక్కి విశాఖపట్నం స్టూడియోకు వచ్చింది. గాజు గదిలోకి వెళ్ళి, స్టాండు మీద నా కాగితాలు సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివింది. ఇవతల నా పక్కనున్న స్పీకరులో ఆవిడ గొంతు వినిపించింది.

"అమ్మా, ఈవిడ రాణీయే కదా?"

"అవును, పెద్ద రాణి."

"మరి కొడుకు ముందర ‘గొంతు తగ్గించి’ అని రాసినారేటి?"

తెర వైపు చూశాను. రాణి తల ఎత్తే ఉంది. గాజు గదిలోకి వెళ్ళి, ఆవిడ చేతిలోని పెన్ను తీసుకుని, ఆ రెండు మాటలూ కొట్టేశాను.