తినే చోట బొట్టు

సురంగల్ ఊరి అరుణమ్మకు పనిముట్లంటే మనుషులకన్నా ఎక్కువ గురి. మనిషి మాట తప్పవచ్చు గాని కొడవలి తప్పదని ఆమె నమ్మకం. ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా మొగుడు బాలమల్లు, అది ఎవరి గురించో తనకు తెలియనట్టే బీడీ వెలిగించుకుంటాడు. పాపం, మంచివాడే. కాకపోతే బజారుకు పోయి ఇప్పుడే వస్తానంటే పొద్దుగూకాక వచ్చే రకం.

చేవెళ్ల పక్క పల్లెలో పుట్టి, లంగా వోణీ విడిచి చీర కట్టిన ఏడాదే ఈ ఇంటికి కోడలై వచ్చిందామె. ఇంటికున్నది కాస్తంత చెలక, ఒక బోరు. అందులోనే టమాట, బంతి, చామంతి. చీకటితోనే లేచి పూలు తెంపి, తడి గోనె కప్పి, మొయినాబాద్ రోడ్డు దాకా మోసి హైదరాబాద్ పోయే బండికి ఎక్కించేది. చుట్టుపక్కల చెలకలకు పెద్దపెద్ద గేట్లు వచ్చాయి, లోపల పచ్చగడ్డి పరుచుకుంది, మనిషిని చూస్తే మొరిగే కుక్కలొచ్చాయి. అరుణమ్మ చెలకలో ఇప్పటికీ బంతే పూస్తుంది. అమ్ముతారా అని అడగవచ్చినవాళ్లకు చాయ్ పోసి పంపింది గాని మాట ఇవ్వలేదు.

ఆమెకు ఈ పనులన్నీ నేర్పింది అత్త. ఆ అత్త నోరు గట్టిది, చెయ్యి అంతకన్నా గట్టిది. దసరా నాడు పనిముట్లకు పూజ చేసే పద్ధతి కూడా ఆమె పెట్టిందే. అందరిలా పైపైన బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడితే ఆమెకు సరిపోదు. ఏ పనిముట్టుకైనా అది తినే చోట బొట్టు పెట్టాలి, అప్పుడే ఏడాదంతా ఆకలి లేకుండా పనిచేస్తుంది అనేది. కొడవలి పళ్లతో తింటుంది గనుక పళ్ల మీద పెట్టాలి. మందు కొట్టే పంపు మూత దగ్గర తింటుంది. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో, తీగలు వచ్చి కలిసే చోట తింటుంది. అక్కడ తడి పసుపు పెట్టబోయి ఒక దసరాకు అత్త షాకు తిని వెల్లకిలా పడింది. అయినా పద్ధతి మార్చలేదు, కరెంటు బంద్ చేసి పెట్టాలని ఇంకో నియమం చేర్చింది, అంతే. అత్త పోయాక కూడా అరుణమ్మ ఆ పద్ధతిని ఇసుమంత తప్పలేదు.

మొన్న ఎండాకాలంలో కొడుకు పరమేష్‌కు పెళ్లయింది. కోడలు మనోజ్ఞ, పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన పిల్ల. వానాకాలం నడుమ నుంచి గండిపేటలో అనంతయ్య అనే ఇంజనీరు దగ్గర ఇండ్ల నక్షలు గీస్తుంది. ఆఫీసుకు అప్పుడప్పుడు పోతుంది, మిగతా రోజులు ఇంట్లోనే, నడిమి అర్రలో కుర్చీ వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. కోడలు పొద్దంతా పెట్టె ముందు కూర్చుంటే అత్త ఎండలో పూలు తెంపుతుందని వాడలో అనుకున్నారు. పరమేష్ కూడా, కూర్చుని చేసేదే గదా, జర ఆగి చెయ్యి అని రెండు మూడుసార్లు అన్నాడు. అరుణమ్మ మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆమెకు మెచ్చుకోవడం చేతకాదు, అది అత్త నేర్పని విద్య. ఆ మౌనం చూసి తన పని అత్తమ్మకు నచ్చలేదని మనోజ్ఞ అనుకుంది.

ఒకనాడు అరుణమ్మ ఆ పెట్టెను చూస్తూ, ఇది ఏం తింటదని అడిగింది. మనోజ్ఞ నవ్వి, కరెంటు తింటుందని చెప్పి, పక్కన చార్జర్ గుచ్చే చిన్న రంధ్రం చూపించింది. అది కాలేజీ నాటి ల్యాప్‌టాప్. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, తీగ పెడితేనే నడుస్తుంది. అరుణమ్మ ఆ రంధ్రాన్ని వంగి చూసి, మనసులో పెట్టుకుని, పూలకు పోయింది.

దసరా పొద్దున మనోజ్ఞ స్నానానికి పోయినప్పుడు అరుణమ్మ పనిముట్లన్నీ వరుసగా పేర్చింది. కొడవళ్లు, పార, గడ్డపార, పంపు, తక్కెడ. చివరికి ల్యాప్‌టాప్. మూత మీద ఇంత బొట్టు పెట్టింది. తినే చోటికి వచ్చేసరికి చిటికెన వేలు కూడా పట్టలేదు. అగ్గిపుల్లకు దూది చుట్టి, తడి పసుపులో ముంచి, లోపలి దాకా పోయేట్టు ఓపికగా పెట్టింది. దాని మీద కుంకుమ అద్దింది. తరువాత బయటికి కారినది కొంగుతో శుభ్రంగా తుడిచింది, ఎందుకంటే అరుణమ్మ ఏ పని చేసినా నీటుగా చేస్తుంది. మూత మీది బొట్టును మనోజ్ఞ చూసింది, కళ్లకద్దుకుంది. ఆ రోజంతా మాంసం కూర, జమ్మి, చుట్టాలు. పెట్టె జోలికి ఎవరూ పోలేదు.

మరునాడు పొద్దున మనోజ్ఞ తీగ గుచ్చి బటన్ నొక్కింది. ఉలుకు లేదు, పలుకు లేదు. మళ్లీ నొక్కింది. అరుణమ్మ వాకిట్లో గిన్నెలు తోముతూ, కోడలు మూడోసారి నొక్కినప్పుడు తలెత్తి చూసింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయి ఉంది.

సంగతేమంటే, జన్వాడలో తోట ఇల్లు కట్టించుకునే జైపాల్ అనే ఆయన ఆ మధ్యాహ్నం నాలుగింటికి గండిపేట ఆఫీసుకు వస్తాడు. ఆ ఇంటి నక్ష మొత్తం మనోజ్ఞ ఒక్కతే గీసింది. అనంతయ్య ఆమెనే చూపించమన్నాడు. జైపాల్‌కు నచ్చితే వచ్చే నెల నుంచి పక్కా కొలువు, లేకపోతే ఇట్లాగే పనున్నప్పుడు పిలుపు. నక్ష ఆ పెట్టెలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఇంత సంగతి అత్తకు కోడలు చెప్పడం అదే మొదలు.

ఇక ఇంటిల్లిపాదీ వైద్యులయ్యారు. మనోజ్ఞ బోర్డు మార్చి చూసింది, అదే బోర్డులో ఫోను పెడితే చార్జింగ్ ఎక్కుతుంది. చార్జర్ డబ్బా మీద చిన్న దీపం వెలుగుతుంది గాని ల్యాప్‌టాప్ మీద దీపం రాదు. పనికి పోయిన పరమేష్ బండి మీద నుంచే ఫోన్ చేసి, బటన్‌ను గట్టిగా పట్టుకుని కాసేపు వదలొద్దన్నాడు. అదీ అయింది. బాలమల్లు వచ్చి, చెయ్యి పెట్టి చూసి, ఒక ఫేజు పోయినట్టుందని తేల్చాడు. ఆయనకు తెలిసిన రోగం అదొక్కటే. పక్కింట్లో టీచరు మమత దగ్గర అటువంటి చార్జరే ఉంటే తెచ్చి పెట్టారు, అది సగం దూరి ఆగిపోయింది. వేరేవాళ్లది గదా, సరిగ్గా పట్టలేదని మనోజ్ఞ అనుకుంది. నిన్ననే పూజ చేసిన పెట్టెకు ఇవాళ ఇట్లా ఎందుకైందో అరుణమ్మకు అంతుపట్టలేదు. బహుశా కొబ్బరికాయ కుళ్లిందేమో, సరిగ్గా చూసుకోలేదని తననే తిట్టుకుంది.

స్కూటీ మీద ఇద్దరూ మొయినాబాద్ పోయారు. పెట్టెను తువ్వాలలో చుట్టి అరుణమ్మ ఒళ్లో పట్టుకుంది. పండగ మర్నాడు గనుక బాగుచేసే దుకాణం షట్టరు దించి ఉంది. పక్క చాయ్ హోటలాయన, చేవెళ్లలో జ్ఞానేశ్వర్ అని ఒకడున్నాడని చెప్పాడు. చేవెళ్ల అంటే గండిపేటకు ఎదురు దిక్కు. పోతే నాలుగింటికి ఆఫీసు అందదు, పోకపోతే చూపించడానికి ఏమీ ఉండదు. మనోజ్ఞ హ్యాండిల్ పట్టుకుని కదలకుండా నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చేవెళ్లకే పోదామని అరుణమ్మే అంది.

చేవెళ్లలోనూ షట్టరే ఎదురైంది, కాకపోతే దాని మీద ఫోన్ నంబరు ఉంది. జ్ఞానేశ్వర్ నిద్రగొంతుతో రేపు రమ్మన్నాడు. మనోజ్ఞ ఎంత చెప్పినా అదే మాట. అరుణమ్మ ఫోను అందుకుంది.

"నాయనా, మాది సురంగల్. మా కోడలి కొలువు దీంట్లనే ఉన్నది. నువ్వు వచ్చేదాక మేం ఈడనే కూసుంటం," అని చెప్పి, నిజంగానే మెట్టు మీద కూర్చుంది.

ఆ మాటకో, ఆ గొంతుకో, కొంచెంసేపటికి అతను లుంగీ మీదే వచ్చాడు. నడి వయసు మనిషి, ముందురోజు కల్లు ఇంకా కళ్లలోనే ఉంది. చార్జర్‌ను మీటరు పెట్టి చూసి బాగుందన్నాడు. ల్యాప్‌టాప్‌ను పక్కకు తిప్పి, ఫోను లైటు వేసి, రంధ్రంలోకి ఒంటికన్నుతో చూశాడు. సూది పెట్టి కదిలించాడు. బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద పసుపుపచ్చని పొడి రాలింది. వేలితో అద్ది వాసన చూశాడు.

"ఇది పసుపు గదా."

పొద్దుటి నుంచి అరుణమ్మ శత్రువును వెతుకుతుంటే ఆ శత్రువు తానే. దాచుకునే తెలివి ఆమెకు లేదు, అలవాటూ లేదు.

"నేనే పెట్టిన. దసరాకు."

జ్ఞానేశ్వర్ పకపకా నవ్వాడు. వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందన్నట్టుంది నీ కథ అన్నాడు. మనోజ్ఞ నవ్వలేదు. పొద్దుగాల నుంచి నా పాణం పోతున్నది అత్తమ్మా అని మెల్లగా అని, ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. అరిచినా బాగుండేది అనిపించింది అరుణమ్మకు.

జ్ఞానేశ్వర్ స్పిరిటు సీసా మూత తీస్తూ, నవ్వు ఆపుకోలేక అడిగాడు. "మరి టీవీకి, ఫ్రిజ్‌కు గూడ పెట్టినవా పెద్దమ్మా?"

"వాటికెందుకు పెడత? అవి మాకు అన్నం పెడుతున్నయా?" అంది అరుణమ్మ. అక్కడితో ఆగుదామనుకుంది గాని మాట ఆగలేదు. "నేను కొత్తగ వచ్చినప్పుడు మా అత్త నా కొడవలిని వరుసల పెట్టనియ్యలే. నీ పని ఇంకా చూడలే, ఉండు అన్నది. అందరి కొడవళ్లకు బొట్లు, నాది గోడకు. ఎన్ని దసరాలు మూలకు నిలవడి చూసిన్నో. గంత బాధ నాకు ఇంకెప్పుడు కాలే. ఈ పిల్ల పొద్దంత మెడ వంచి చేస్తనే ఉంటది, నేను చూస్త గదా. దీనికి గా బాధ వద్దనుకున్న."

జ్ఞానేశ్వర్ నవ్వు మానేసి, తల వంచి, దూది పుల్లతో రంధ్రం కడగడం మొదలుపెట్టాడు. మనోజ్ఞ ఇటు తిరగలేదు. కానీ చేత్తో ముఖం తుడుచుకోవడం అరుణమ్మ చూసింది. అది కోపమో ఏడుపో ఆమెకు తెలియలేదు, అడిగే ధైర్యమూ రాలేదు.

కడిగింది ఆరేదాకా ఆగి తీగ గుచ్చారు. పక్కన చిన్న తెల్ల దీపం వెలిగింది. బటన్ నొక్కితే తెర మీద వెలుతురు వచ్చింది, ఆ తరువాత నక్ష వచ్చింది. గోడలు, తలుపులు, మామిడి చెట్లకు వదిలిన జాగా, అన్నీ సన్నటి గీతల్లో. అరుణమ్మ కోడలి పనిని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. అర్థమైంది తక్కువే గాని, అంత సన్నటి గీతలు గీయాలంటే ఎంత ఓపిక కావాలో చామంతి నారు పోసే మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు.

గండిపేట పోయే టైం లేదు. మనోజ్ఞ ఫోను నెట్టు కలిపి, అక్కడి నుంచే అనంతయ్యకు, జైపాల్‌కు తెర మీద చూపించింది. జైపాల్ ఏవో రెండు మార్పులు అడిగాడు. ఆమె అక్కడికక్కడే గీసి చూపెట్టింది. ఆయన సరే, ఇట్లనే కట్టుకుందాం అని లేచి వెళ్లిపోయాడు. అనంతయ్య ఒక్కడే మిగిలి, ఒకటో తారీఖు నుంచి వచ్చి చేరమన్నాడు. చెప్పాక గొంతు మార్చి అడిగాడు, ఇంత ముఖ్యమైన రోజున ఆఫీసుకు ఎందుకు రాలేదు, ఏమైందని.

అరుణమ్మ తల దించుకుంది. చార్జర్ చెడిందని చెబుతుంది లెమ్మనుకుంది. అట్లా చెప్పినా చాలని మొక్కుకుంది. మనోజ్ఞ ఆమె వైపు ఒకసారి చూసి, తెరకు దగ్గరగా జరిగింది.

"నిన్న మా అత్తమ్మ దీనికి పూజ చేసింది సార్. అండ్ల జర పసుపు లోపలికి పోయింది. మా ఇంట్ల అన్నం పెట్టే పనిముట్లకే పూజ చేస్తరు. నాది అన్నం పెట్టవట్టి మూన్నెల్లు గూడ కాలే సార్, అయినా కొడవలి పక్కన పెట్టింది."

అటువైపు నుంచి అనంతయ్య ఏమన్నాడో అరుణమ్మ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షట్టరు బయటికి వచ్చింది. పండగ మర్నాటి రోడ్డు ఖాళీగా ఉంది. ఆ మెట్టు మీదే మళ్లీ కూర్చుని, ఎవరు చూస్తే ఏమిటని తనివితీరా ఏడ్చింది.